ఒక మనిషివన్నీ ఒక్క చోట

మా మేనత్త పోయిన సోమవారం ఉదయం తమిళనాడులోని ధర్మపురిలో కన్నుమూసింది. "అత్త పోయిందక్కా" అని తమ్ముడు ఫోనులో చెప్పాడు. నాన్నకు ఆమె ఒక్కతే చెల్లెలు. అక్కడి ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయింది. జీవితమంతా ఇంట్లో తెలుగే మాట్లాడినా ఆమెకు ఈ అక్షరాలు చదవడం రాదు. మా వాళ్లలో చాలామందికి రాదు. ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాకే నేనూ నేర్చుకున్నాను. ఈ నాలుగు మాటలు ఆమె ఉండగా రాసి ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకునేది. తప్పులు కూడా పట్టేది.

ఎనభైల చివర్లో, నేను ఆ బడిలోనే పదో తరగతిలో ఉన్నప్పుడు, మా బడికి ఒక కంప్యూటరు వచ్చింది. టీవీకి తగిలించి వాడే చిన్న పెట్టె. దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియక పెద్ద టీచరు మా అత్తకు అప్పగించింది. అత్త సేలం వెళ్లి పది రోజులు నేర్చుకుని, ఒక లావు నోటుబుక్కు నింపుకుని వచ్చింది. ఆ గదిలోకి చెప్పులతో రాకూడదని నియమం పెట్టారు. "దానికి కండ్లే లేవు, మన కాళ్లు ఎట్ల కనపడతాయి?" అని నవ్వుతూనే అత్త తనూ చెప్పులు విప్పి వచ్చేది.

ఆ ఏడు బడిలో రక్తపరీక్షల శిబిరం జరిగింది. పెద్దాసుపత్రిలో రక్తం ఎప్పుడూ తక్కువే. అవసరం పడితే మనుషుల్ని వెతుక్కోవాల్సిందే. ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ల జాబితా కంప్యూటరులో పెడితే బాగుంటుందని అత్తకు తోచింది. ఒక్కొక్కరి వివరాలు ఒక్కో అట్ట మీద ఆమె రాసింది, నేను టైపు చేశాను. పేర్లూ ఊళ్లూ ఒక వరుస, రక్తం గ్రూపులు ఇంకొక వరుస. మొదటి వరుసలో ఐదో పేరు ఎవరిదో, రెండో వరుసలో ఐదో గ్రూపు వాళ్లది.

అత్తను సంతోషపెడదామని నేను పేర్లన్నిటినీ అక్షరాల వరుసలోకి మార్చే ప్రోగ్రాము రాశాను. చక్కగా వచ్చింది. కాగితం మీద అచ్చుకొట్టి ఆసుపత్రికి ఒక ప్రతి ఇచ్చాం.

వారం తిరగకముందే, ఒకరోజు పొద్దున రెండో పీరియడులో, అత్త మాకు లెక్కలు చెబుతుండగా, చెమటతో తడిసిపోయిన మనిషి ఒకాయన తరగతి గుమ్మంలోకి వచ్చాడు. తుంబలహళ్లి రైతు. భార్యకు తెల్లవారుజామున కాన్పయింది, రక్తస్రావం ఆగలేదు. ఓ నెగటివ్ కావాలి. మా జాబితా చూసి ఆసుపత్రివాళ్లు నల్లంపల్లి నుంచి ఒక పెద్దాయనను పిలిపించారు. ఆయన దున్నుతున్న మడక వదిలేసి వచ్చాడు. పరీక్ష చేస్తే బి పాజిటివ్.

"ఆ రక్తం చేరదంట టీచరమ్మా. ఇంకెవరూ లేరా?" అని ఆ మనిషి అడిగాడు.

అత్త అట్టల పెట్టె తెరిచి నల్లంపల్లి పెద్దాయన అట్ట తీసింది. దాని మీద బి పాజిటివ్ అనే ఉంది.

"పాపా, లిస్టును ఏం చేసినావు?"

"పేర్లు వరుసగా పెట్టినాను అత్తా."

"గ్రూపులు?"

అప్పుడు తెలిసింది. పేర్లు జరిగాయి, గ్రూపులు ఉన్నచోటే ఉండిపోయాయి. ప్రతి మనిషికీ ఎవరిదో రక్తం అంటుకుంది.

అత్త అట్టలు సగం నా చేతిలో పెట్టి, "సీక్రం చూడు, టైము లేదు" అంది. ఓ నెగటివ్ అట్ట ఆమెకే దొరికింది. బస్టాండు దగ్గర కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మది. అత్త పరుగెత్తడం నేను ఆరోజే చూశాను. టైలరమ్మ సూది కింద గుడ్డను అట్లాగే వదిలేసి, "నడవండి టీచర్" అని లేచింది.

సాయంత్రం ఆ రైతు మళ్లీ వచ్చాడు. "కండ్లు తెరిచింది" అని మాత్రం చెప్పి, గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు.

తప్పు ఎవరిదని పెద్ద టీచరు అడిగితే, "నాదే. వరుసలు విడివిడిగా పెట్టమనింది నేనే" అంది అత్త. శనివారం నన్ను తీసుకుని నల్లంపల్లి వెళ్లి ఆ పెద్దాయనను క్షమించమని అడిగింది. "దాంట్లో ఏముంది? మళ్లా పిలవండి, వస్తాను" అన్నాడాయన. తిరిగి వచ్చే బస్సులో అత్త నా చేయి పట్టుకుంది.

"మనం మనిషిని రెండు ముక్కలు చేసి రెండు చోట్ల పెట్టినాము పాపా. పేరు జరిగితే రక్తమూ దాంతోనే జరగాల గదా. ఒక మనిషివన్నీ ఒక్క చోటే ఉండాల."

నేను తిన్న తిట్టు అంతే. ఆ తర్వాతి వారమంతా కూర్చుని జాబితా మొత్తం మళ్లీ రాశాం.

చాలా ఏళ్ల తర్వాత నేను జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ ఆబ్జెక్టుల పాఠం దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆ బస్సే గుర్తొచ్చింది. సెలవుల్లో ధర్మపురి వెళ్లి ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టాను. అప్పటికి ఆమె రిటైరయింది. ఒక వంకర బ్రాకెట్ తెరిచాను. పేరు, దాని ఎదుట విలువ, కామా, ఊరు, దాని విలువ, కామా, గ్రూపు, దాని విలువ. బ్రాకెట్ మూశాను.

"ఫ్లవర్ బ్రాకెట్టే!" లెక్కల టీచరు కదా, ముందు అదే చూసింది.

"దీన్నే ఆబ్జెక్ట్ అంటారు అత్తా. పేరును ఎక్కడికి జరిపినా గ్రూపు దాంతోనే వస్తాది."

తెర వంక చాలాసేపు చూసింది. "అప్పుడు మన దగ్గర ఇది ఉండింటే..." అని ఆగిపోయింది. తర్వాత కళ్లజోడు సర్దుకుని తనే టైపు చేయడం మొదలుపెట్టింది. మొదటిసారి కామా మరిచిపోయింది. చివరిసారి రక్తం ఎప్పుడు ఇచ్చారో ఆ తేదీ కూడా చేర్చి, "గడువు దాటిందా, మళ్లా ఇవ్వచ్చా లేదా అనేది మనమే లెక్క వేయాలనా?" అని అడిగింది. ఆబ్జెక్ట్ లోపలే ఆ లెక్క వేసే ఒక ఫంక్షన్ రాసి చూపించాను. "తన తేదీ తనే చూసుకుని తనే చెప్తాది" అంటే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

మరునాడు నన్ను కేకేసింది. కొత్త మనిషి అవుతుందనుకుని ఒక ఆబ్జెక్టును ఇంకో పేరుకు ఇచ్చి, ఆ రెండో పేరుతో ఊరు మార్చిందట. "ఇదేమి, రెండోవాళ్ల ఊరు మారిస్తే మొదటివాళ్లదీ మారిపోయింది?"

"మనిషి ఒకరే అత్తా, పేర్లే రెండు. నువ్వు కొత్త మనిషిని చేయలేదు, ఉన్న మనిషికే ఇంకో పేరు పెట్టినావు."

"బడిలో టీచర్ అంటారు, నువ్వు అత్తా అంటావు. టీచరుకు జ్వరమొచ్చినా అత్తకు వచ్చినా పడుకునేది నేనే. అట్లనా?"

"అట్లే."

ఆ తర్వాత నేను ఎంతోమందికి ఈ పాఠం చెప్పాను. అంతకంటే బాగా చెప్పలేకపోయాను.

చివరిసారి చూసింది రెండు నెలల కిందట. అప్పటికి ఆమె మంచం దిగడం లేదు. నేను వెళ్లేసరికి పక్కింటామె, దాదాపు నా వయసుదే, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని మంచం పక్కన కూర్చుని ఉంది. అత్త కళ్లు మూసుకునే పాఠం చెబుతోంది.

"నా గురించే రాయమన్నారు గదా టీచర్. పేరు పెట్టినాను, ఊరు పెట్టినాను. బ్రాకెట్ మూసేయనా?"

"అంతేనా నువ్వు?" అంది అత్త.

ఆమె సిగ్గుపడింది. కిటికీ వైపు చూసి, నెమ్మదిగా ఏదో టైపు చేయడం మొదలుపెట్టింది. గుమ్మంలో ఉన్న నాకు అదేమిటో కనిపించలేదు. కళ్లు తెరవకుండా, దిండు మీద తల కాస్త అటు తిప్పి, అత్త ఆ మీటల చప్పుడు వింటోంది.