చూసుడు గూడ తినుడే

మా అత్తమ్మ పోయింది. పొద్దున్నే ఛాతీలో మంటగా ఉందన్నది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే నా భుజం మీద తల వాల్చేసింది.

పదకొండో రోజు ఆమె ఫోటో ముందు విస్తరి వేశారు. రామాయంపేట నుంచి వచ్చిన చినమామ అందులో స్వయంగా గుత్తివంకాయ వడ్డించి, "మా వదినకు మస్తు ఇష్టం," అన్నాడు నలుగురూ వినేలా. ఆమె జన్మలో వంకాయ ముట్టలేదు. ఏళ్ల తరబడి ఆమె చేతి అన్నం తిన్న మనిషికి ఆ సంగతి తెలియదు. అదే నోటితో నాకు సలహా కూడా ఇచ్చాడు. "పోయినామె గారాబం జేసి పిల్లను ఖరాబు చేసింది. ఇగనన్న మంచి తిండి అలవాటు చెయ్యమ్మా."

ఆయన సలహాల విలువెంతో అత్తమ్మకు బాగా తెలుసు. ఆమె లేదు కాబట్టి నేను చెప్తాను.

మా అమ్మాయికి ఏడేళ్లు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, తినేవి ఇంకా తక్కువ. పెరుగన్నం, మరమరాలు, నువ్వులు వేయని సకినాలు, అంతే. కూర చుక్క అన్నానికి తగిలితే పళ్లెం నెట్టేసి చెవులు మూసుకుంటుంది. ఇది చూసి సలహా ఇవ్వని చుట్టం లేడు. "రెండు పూటలు పస్తు పెట్టుండ్రి, ఆకలైతే అదే తింటది," అనేది మా ఆడబిడ్డ. టిఫిన్ కాస్త ఆలస్యమైతే తలనొప్పని ముసుగుతన్నే మనిషి ఆవిడ. అత్తమ్మ సొంత కూతురని కూడా చూడలేదు. "పస్తు ముందుగాల నీకు పెడుత. నువ్వు కాకరకాయ తిన్ననాడు బిడ్డ సంగతి జూద్దాం."

పోయినేడు చినమామ ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పిల్లల తిండి మార్చి ఆటిజం తగ్గిస్తాడట. ఆయన పిల్లను చూడకముందే సంచిలోంచి డబ్బాలు తీశాడు. "పాలు, పెరుగు, గోధుమలు బంద్. ఈ పొడి తాపుండ్రి. పండుగకల్లా మాటలొస్తయి." మా ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆశపడే తండ్రిని చూస్తే అలాంటివాళ్లకు నోరూరుతుంది.

పెరుగు మానేశాం. పిల్ల అన్నమే మానేసింది. పొడి కక్కేసింది. బుగ్గలు లోపలికి పోయాయి. మెట్లెక్కుతూ మధ్యలో కూర్చుండిపోయేది. ఫోన్ చేస్తే, "విషం బయటికి పోతుంది, మంచిదే," అన్నాడా మహానుభావుడు.

మళ్లీ ఆయన చినమామతో కలిసి వచ్చినప్పుడు, అత్తమ్మ వంటింట్లోంచి గిన్నెడు పెరుగన్నం తెచ్చి వాళ్ల ముందే పిల్ల దగ్గర పెట్టింది. పిల్ల రెండు చేతులతో తిన్నది.

"అమ్మా, చేసిందంతా పాడు చేస్తున్నరు," అన్నాడాయన.

"పెరుగు మానితే మాటొస్తదా? నువ్వు వచ్చినకాడికెల్లి ఒర్లుతనే ఉన్నవు. నువ్వేం మానినవు నాయనా?"

"వదినా, గట్లనకు. సార్ మస్తు చదువుకున్నడు," అన్నాడు చినమామ.

"చదివితే మంచిదే. మా బిడ్డ పేరేందో అడుగు. చెప్తడేమో జూద్దాం."

ఆయన ఫోన్ వైపు చూసుకున్నాడు. చినమామ నేల చూపులు చూశాడు. చినమామకూ ఆ పేరు గుర్తు రాలేదని నాకు అప్పుడే అర్థమైంది.

మరునాడు పిల్లల డాక్టరమ్మకు చూపించాం. ఒంట్లో రక్తం తగ్గిందని సిరప్ రాసింది. "తిండి మారిస్తే ఆటిజం పోదు. పాలు పడనోళ్ల సంగతి వేరే, ఈ పాపకు పడుతున్నయి గదా. తినేది తియ్యకుండ్రి. దాని పక్కన కొత్తది కొంచెం పెట్టుండ్రి. బలవంతం మాత్రం వద్దు," అన్నది.

అత్తమ్మ ఆ మాట పట్టుకుంది. సంక్రాంతికి చేసే సకినాలు ఎండల్లో కూడా చుట్టింది. "పండుగెప్పుడో అయిపాయె గదమ్మా," అని వాడకట్టంతా నవ్వింది. మొదట ఒక్క సకినానికి ఒక్క నువ్వుగింజ అద్దింది. పిల్ల దాన్ని గోటితో గీకి పారేసింది. నాకు ఉసూరుమనిపించింది. "చూసింది గదా? చూసుడు గూడ తినుడే," అన్నదామె. కొన్నాళ్లకు పిల్ల గింజను గీకడం మానేసింది. ఇంకొన్నాళ్లకు నమిలింది. తర్వాత పిండిలో కాస్త పెసరపిండి కలిసింది. "గింతేనా?" అని మా ఆయన విసుక్కున్నాడు ఒకసారి. "నేను పుట్టినకాడికెల్లి వంకాయ తినలే. నన్నెవడన్న దవాఖానకు తోలిండా?" అన్నది కొడుకుతో.

ఆమె సాధించింది అంతే. నువ్వులు, పెసరపిండి. దీన్ని కూడా గారాబమనే వాళ్లకు చెప్పడానికి నా దగ్గర మర్యాదైన మాట లేదు.

పదకొండో రోజున చినమామ అంతటితో ఆగలేదు. పిల్ల పెరుగన్నం మీద వంకాయ ముక్క పెట్టబోయాడు. పళ్లెం పక్కకు లాగేశాను.

"చినమామా, వంకాయ తినదు. ఎన్నడూ తినలే."

"గందుకే, ఇప్పటిసంది నేర్పుండ్రి పిల్లకు."

"పిల్ల కాదు. అత్తమ్మ."

ఆయన ఫోటో వైపు, విస్తరి వైపు చూశాడు. తర్వాత పప్పు అడిగి వేయించుకున్నాడు.

చేయి కడుక్కుని చూస్తే పిల్ల లేదు. పెరట్లోకి వెళ్లాను. పక్కింటి జామకొమ్మ మా గోడ మీదికి వంగి ఉంది. పిల్ల పచ్చికాయ ఒకటి తెంపి చెంపకు రాసుకుంటోంది. వాసన చూసింది. కొరికి, ఉమ్మేసింది. కొరికినచోట తెల్లగా ఉన్న గుజ్జును చాలాసేపు చూసింది. నేను గడప దగ్గరే నిలబడిపోయాను. మళ్లీ కొరికింది. ఈసారి ఉమ్మలేదు. లోపల చుట్టాల గోల వినిపిస్తూనే ఉంది. దాన్ని దాటుకుని, పచ్చిజామకాయ నములుతున్న కరకర శబ్దం.