రూతమ్మ టీచరు అడగమన్న రెండోసారి

జిరాక్సు మిషను నుంచి అప్పుడే వచ్చిన కాగితాల వేడి అరచేతికి తగిలితే చాలు, రూతమ్మ టీచరు గుర్తొస్తారు. టెక్కలిలో ఒక మేడ మీది గదిలో ఆవిడ అప్పుడే తీయించిన జిరాక్సులు పంచి మాకు బ్యాంకు పరీక్షల ఇంగ్లీషు చెప్పేవారు. పేరా చదివి, అందులో నేరుగా రాయని సంగతిని గ్రహించి జవాబు పెట్టే ప్రశ్నలుంటాయే, అవంటే మాకు హడలు. ఆవిడ పద్ధతి ఒక్కటే. జవాబు చెప్పినవాళ్లు దానికి ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే ఒప్పు జవాబుకైనా సున్నాయే.

ఒకసారి పేరాలో ఒక కొబ్బరి తోట రైతు వచ్చాడు. ఇంటికొచ్చిన వాళ్లందరికీ బొండాలు కొట్టి ఇస్తాడు, తను మాత్రం చుక్క ముట్టడు. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది? కవిటి, సోంపేట వైపు పిల్లలమంతా కూడబలుక్కున్నట్టు ‘అతను రోగి’ అని పెట్టాం. కిడ్నీలు పాడై డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు కొబ్బరినీళ్లు తాగకూడదని, ఇంటింటా ఆ జబ్బే ఉన్న మా ఊళ్లలో చంటిపిల్లలకు కూడా తెలుసు. అసలు జవాబు ‘అతిథులను ఆదరించే మనిషి’ అట.

“ఏటే, వేలెక్కడెడతావు?” అని నన్ను లేపారు.

“మా నాన్న అలాగే సేసేవోడండి టీచర్.” నాన్న పోయి అప్పటికి ఏడాది.

“మీ నాన్న ఈ పేరాలో ఉన్నాడేటి?” అన్నారు. నాకు ఒళ్లు మండింది. మరుక్షణమే ఆవిడ గొంతు తగ్గించి, “కూకో అమ్మా. మన కళ్లకి ఎక్కడ సూసినా అదే కనపడతాది. పేపరు తయారుసేసినోడికి మన ఊరు తెల్దు కదా” అన్నారు.

పరీక్షకు మూడు వారాలు ఉన్నాయనగా ఆవిడ కుర్చీలో కూర్చునే పాఠం చెప్పడం మొదలుపెట్టారు. కాళ్లకు చెప్పులు పట్టడం లేదు. పొద్దున్నే కళ్ల కింద వాపు. అందరూ వెళ్లాక అడిగాను.

“ఒంట్లో బాగోలేదేటి టీచర్? ఒకపాలి రక్తం పరీక్ష సేయించుకోండి.”

“నిలబడి నిలబడి వాసాయే. పేరాలో లేనిది పెట్టకు” అని నవ్వేశారు.

నేనూ నవ్వి ఊరుకున్నాను. చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆవిడ మంచాన పడితే మాకు పాఠం చెప్పేదెవరన్న భయం కూడా ఉంది. నా బుద్ధి గడ్డి తింది.

ఉద్యోగం వచ్చాక స్వీట్లు పట్టుకుని కవిటిలో వాళ్లింటికి వెళ్లాను. అప్పటికి ఆవిడకు వారానికి మూడుసార్లు డయాలసిస్.

“ఆవేళే నాకు తెలుసే. రిపోర్టు బేగులోనే ఉంది. సెప్పడానికి నోరు రాలేదు. నువ్వు రెండోపాలి అడుగుతావేమో అనుకున్నాను. అడిగుంటే ఒప్పేసుకుందును” అన్నారు. నిష్ఠూరంగా కాదు, మామూలుగానే అన్నారు. ఆ వర్షాకాలం దాటలేదు ఆవిడ.

ఇప్పుడు పలాసలో మా బ్రాంచికి వచ్చేవాళ్ల మొహాలు ఉబ్బి కనిపిస్తే, రక్తం పరీక్ష చేయించుకున్నారా అని అడిగేస్తాను. మీకెందుకమ్మా అని విసుక్కునేవాళ్లే ఎక్కువ. మొన్న మా వాచ్‌మన్‌ని అడిగితే “ఏటీ నేదమ్మా” అన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగాను. అతను అటూ ఇటూ చూసి, “మా ఇంట్లో సెప్పకండమ్మా” అన్నాడు.