బస్రా రుమాలు

మీనా సల్మాన్ రేవులో మోటారు విడిభాగాల గోదాములో నేను స్టోర్‌కీపర్‌ని. ఏ సామాను ఏ పెట్టెలో ఉంది, ఎక్కడి నుంచి వచ్చింది అని చీటీలు రాసి అంటించడమే వారమంతా నా డ్యూటీ. అయినా శుక్రవారం సెలవొస్తే మళ్లీ చీటీలున్న వస్తువుల్నే చూడ్డానికి పోయేవాణ్ని. గుదైబియాలో మా ఫ్లాట్‌లో మిగతావాళ్లు భోంచేసి పడుకుంటే, నేను బస్సెక్కి ముహరక్ వెళ్లేవాణ్ని. అక్కడి పాత సందుల్లో చిన్నచిన్న మ్యూజియాలు ఉన్నాయి. ఒకచోట ఒక ముత్యాల వ్యాపారి ఇల్లు, ఇంకోచోట ఒక గదినిండా పాత రేడియోలు. కొన్నిటికి బోర్డు కూడా ఉండదు, తలుపు తెరిచి ఉంటే పోవడమే.

ఈ సంగతి ఫోన్లో చెప్తే అమ్మ అన్నది, "దుబాయి పోయి పాత సామాన్లు సూస్తున్నవా? మనింట్ల లేవా?" ఇది బహ్రెయిన్ అని నేను పదేళ్లుగా చెప్తూనే ఉన్నాను.

నాతోపాటు అప్పుడప్పుడు నా రూమ్మేట్ వచ్చేవాడు. హైదరాబాద్ మనిషి, ఒక ఆఫీసులో డ్రైవరు. అతనికి ఈ వస్తువుల మీద ఆసక్తి లేదు. ముహరక్‌లో దొరికే హల్వా కోసం వచ్చేవాడు.

అలా ఒక శుక్రవారం సాయంత్రం ఇద్దరం ఒక ఇంటి ముందుగదిలోకి వెళ్లాం. అదంతా ఒక ముసలాయన పెట్టుకున్న మ్యూజియం. వాళ్ల నాన్న ముత్యాల పడవల మీద తాడులాగే పని చేసేవాడట. సముద్రంలోకి దిగినవాడు కింద తాడు కదపగానే, పైనుంచి వాణ్ని లాగడం ఆయన పని. గోడకు ఆ తాడు, ముక్కుకు పెట్టుకునే చెక్క క్లిప్పు, కాలికి కట్టుకునే రాయి, ముత్యపుచిప్పలు వేసే బుట్ట ఉన్నాయి. ముసలాయనకు హిందీ బాగా వచ్చు. చిన్నప్పుడు బొంబాయిలో రెండేళ్లు ఉన్నాడట. ప్రతి వస్తువూ చేతిలో పెట్టి చూపించాడు. ఆ రాయి బరువు చూసి నా రూమ్మేట్ కూడా హల్వా సంగతి మరిచిపోయి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

చివరన ఒక అద్దాల పెట్టెలో మడత పెట్టిన రుమాలు ఉంది. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు. గళ్లల్లో చిన్న పువ్వులు. ఆ పువ్వుల అంచులు తిన్నగా లేవు, తడి కాగితం మీద సిరాలాగా కొంచెం పాకి ఉన్నాయి. చీటీ మీద అరబ్బీలో ఏదో ఉంది. అరబ్బీ చదవడం వచ్చిన నా రూమ్మేట్ చూసి చెప్పాడు, "ఈయన నాన్న తలగుడ్డ. ఇరాక్‌లో బస్రా నుంచి."

"బస్రా కాదు," అన్నాను నేను హిందీలో, ఆలోచించకుండానే. "ఇది మా దేశంలో నేసింది."

ముసలాయన నా వైపు చూశాడు. "మా నాన్న బస్రా అని చెప్పాడు."

"మా అమ్మమ్మ ఇంట్లో ఇదే నేసేవాళ్లు హాజీ. దీన్ని తేలియా రుమాలు అంటారు."

"మా నాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు," అని ఆయన గది లైటు ఆపేశాడు. నమాజు వేళైంది, ఖలాస్, అన్నాడు. అజాన్‌కు ఇంకా చాలాసేపు ఉందని మా ముగ్గురికీ తెలుసు.

బస్సులో నా రూమ్మేట్ అన్నాడు, "చనిపోయిన తండ్రి మాట అది భాయ్. నువ్వు గోదాములో సామాన్ కాదన్నట్టు కాదన్నవ్."

నిజమే. ఆ రాత్రి వంట చేస్తున్నా అదే మాట మెదిలింది. కానీ నేను చూసిందీ అబద్ధం కాదు. నల్గొండ వైపు మా అమ్మమ్మ ఊళ్లో ఎండాకాలం సెలవులంతా ఆ నూలు వాసనలోనే గడిచేవి. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదనీళ్లలో, నూనెలో అమ్మమ్మ నూలు చిలపలను నానేసేది. కాళ్లతో తొక్కి, పిండి, ఎండలో ఆరేసేది. మర్నాడు మళ్లీ అంతే. అట్లా రోజుల తరబడి సాగేది. మేం పిల్లలం ముక్కు మూసుకుని దూరంగా పోయేవాళ్లం. ఎందుకు చేస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు.

ఆ ఇంట్లో ఇప్పుడు మగ్గం మా మామది. ఫోన్ చేసి, ఒక రుమాలు పంపమని అడిగాను. ఎందుకో చెప్పాక ఆయన నమ్మలేదు. "గక్కడ మన రుమాలా? ఇంకేదో సూసినవ్ అల్లుడా." అయినా సెలవుకు ఊరెళ్లి తిరిగొస్తున్న మా గోదాము మనిషి ఒకతనితో పంపాడు.

నాలుగు వారాల తర్వాత నా రూమ్మేట్‌తో మళ్లీ వెళ్లాను. తలుపు దగ్గరే ముందు క్షమించమని అడిగాను. ముసలాయన లోపలికి రమ్మన్నట్టు పక్కకు జరిగాడు. నేను రుమాలు తీసి బల్ల మీద పరిచాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. తర్వాత తాళంచెవి తెచ్చి, అద్దాల పెట్టె తెరిచి, వాళ్ల నాన్న రుమాలు పక్కన పరిచాడు. అది బాగా మాసిపోయి, ఒక మూల చిరిగి ఉంది. రెండిట్లో పువ్వులు ఒకటి కాదు. కానీ ఆ పాకిన అంచులు ఒకటే. ఆయన వంగి కొత్తదాన్ని వాసన చూశాడు, తర్వాత పాతదాన్ని.

"నూనె," అన్నాడు. "నా చిన్నప్పుడు నాన్న తలకు ఇదే వాసన. జుట్టు నూనె అనుకున్నాను."

కుర్చీలో కూర్చుని, తనంతట తనే అన్నాడు, "పడవ బస్రా నుంచి వచ్చింది. నాన్న దాని నుంచి కొన్నాడు. గుడ్డ బస్రాకు ఎలా వచ్చిందో ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు."

మామకు వీడియో కాల్ చేశాను. పాత రుమాలు చూపిస్తే, దగ్గరకు పెట్టమన్నాడు, తిరగేయమన్నాడు, అంచు చూపమన్నాడు. మా ఊరిదే అని చెప్తాడని నేను ఎదురుచూస్తున్నాను.

"మనది కాదు అల్లుడా," అన్నాడు. "గీ అంచు మనోళ్లు వెయ్యరు. చీరాల వాళ్లదనుకుంట. మనోళ్లు ఈ పని నేర్సుకున్నదే ఆళ్ల దగ్గర. ఖరాఖండిగ చెప్పలేను గని, చీరాలనే."

నా మనసు కొంచెం చిన్నబోయింది. ముసలాయనకు చెప్తే ఆయన మొదటిసారి నవ్వాడు. "చూశావా, నువ్వూ సగమే తెలిసి మాట్లాడావు." తర్వాత అడిగాడు, "నూనె ఎందుకు పెడతారు?"

నాకు తెలియదు. మామను అడిగాను. రంగు గట్టిగ పట్టుకుంటది, ఎండల తలకు సల్లగుంటది అన్నాడు. అది హిందీలో చెప్తే ముసలాయన తలాడించాడు. ఉప్పునీళ్లు ఎన్నిసార్లు పడ్డా ఆ ఎరుపు పోలేదని వాళ్ల నాన్న అనేవాడట.

అప్పుడు మామ అడిగాడు, "కట్టుకున్నాయన బొమ్మ ఏమన్న ఉన్నదా? ఎవలు కట్టుకుంటరో మా బాపుకు గూడ తెల్వదు. బేరగాడు మూటగట్టుకుని పోయేటోడు, గంతే."

నేను అది హిందీలో చెప్పగానే ముసలాయన లోపలికి వెళ్లి చట్రం కట్టిన వాళ్ల నాన్న ఫోటో తెచ్చాడు. పడవ అంచున నిలబడ్డ బక్కపలచటి మనిషి. ఫోటో నలుపు తెలుపే అయినా తలకు చుట్టిన గళ్లు తెలుస్తున్నాయి. దాన్ని ఫోన్ ముందు రెండు చేతులతో పట్టుకున్నాడు. మామ పిలిస్తే అవతల మగ్గం చప్పుడు ఆగింది. నేత ఆపి వచ్చిన అత్తమ్మ మొహం కూడా తెర మీదికి వచ్చింది.

"ఏం పని జేసేటోడు?" అని అడిగాడు మామ.

ముసలాయనకు ఆ ప్రశ్న చెప్పి, నేనే తాడు గురించి చెప్పబోతే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. గోడ మీది తాడు తీసుకున్నాడు. ఒక కొస నా రూమ్మేట్‌కు ఇచ్చి గది ఆ మూలకు వెళ్లి గట్టిగా పట్టుకోమన్నాడు. తను కాళ్లు ఎడంగా పెట్టి, నడుం వంచి, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి వేసి లాగడం మొదలుపెట్టాడు. నేను ఫోన్ కదలకుండా పట్టుకున్నాను. "ఇంకింత కిందికి వట్టు అల్లుడా, కాళ్లు కనవడ్తలేవు," అన్నాడు మామ.