లంకరేవులో ఎదురెదురు బల్లలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడంటే ఇళ్ళూ ఆసుపత్రులూ గీసి బతుకుతున్న మనిషిని కాబట్టి, ఒక కిటికీ ఎటు పెట్టాలో తేల్చుకోవడానికి నాలుగు రోజులు పడుతోంది. తొంభైల్లో, ఆర్కిటెక్చర్ నాలుగో ఏడు చదువుతున్నప్పుడు, నాలుగు నిమిషాలు చాలేవి. భుజానికి డ్రాయింగుల గొట్టం తగిలించుకుని (రావులపాలెం బస్సులో దాన్ని చూసిన ఒక పెద్దాయన "చేపలు పట్టేదాండీ?" అని మర్యాదగా అడిగాడు) ప్రపంచంలో జనం ఎక్కడెక్కడ ఎలా తప్పుగా కూర్చుంటున్నారో గమనిస్తూ తిరిగేదాన్ని. మా నాన్నగారి స్నేహితులు మాత్రం నా చదువు పేరు వినగానే "ఇంజినీరింగులో సీటు రాలేదామ్మా?" అని జాలిపడేవారు. వాళ్ళందరికీ సమాధానం చెప్పే అవకాశం ఆ ఏడు వేసవిలో వచ్చిందనుకున్నాను.

మా సర్ ఒక పని అప్పగించారు. ఊళ్ళో దొరికే సరుకుతో, తక్కువ ఖర్చుతో, నలుగురూ కలిసి వాడుకునే చిన్న నీడ ఒకటి గీయడమే కాదు, నిజంగా కట్టి చూపించాలి. నేల మీద బరువు వెయ్యకూడదు, పాడైతే మట్టిలో కలిసిపోవాలి. అంతవరకూ బాగానే ఉంది. చివర్లో ఒక మెలిక పెట్టారు. "నేను వచ్చేసరికి అందులో జనం కూర్చుని ఉండాలి. కట్టడాన్ని చూసి మార్కులు వెయ్యను, కూర్చున్నవాళ్ళని చూసి వేస్తాను. ఖాళీగా ఉంటే వచ్చే ఏడు కూడా నా క్లాసులోనే ఉంటావు" అన్నారు. నేను లోపల్లోపల నవ్వుకున్నాను. నీడ కట్టిపెడితే కూర్చోని జనం ఎక్కడైనా ఉంటారా?

నాకు స్థలం కూడా సిద్ధంగా ఉంది. కొత్తపేట దగ్గర బస్సు దిగి, ఏటిగట్టు ఎక్కి దిగి, ఇసుకలో నడిచి, పడవెక్కి గోదావరి పాయ దాటితే మా మేనత్త ఉండే లంక. ఆవిడ అక్కడి బడిలో పంతులమ్మ. ఆ లంక నుంచి బయటికి వెళ్ళాలంటే పడవే గతి, పడవేమో అవతలి ఒడ్డున జనం నిండితే గాని కదలదు. అంతసేపూ కూరగాయల గంపలతో ఆడవాళ్ళూ, మందుల చీటీలతో ముసలివాళ్ళూ రేవులో ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ నిలబడాల్సిందే. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్య కూడా వాళ్ళలో ఒకతె. నా ఆలోచన చెప్పగానే ఆవిడ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మంలో నిలబడి ఒకసారి, తర్వాత రైతుల ఇళ్ళకు వెళ్ళి ఇంటింటికీ ఒకసారి, "మా అన్నయ్య కూతురు ఇంజినీరు" అని (ఆర్కిటెక్టంటే ఏమిటో విడమరిచే ఓపిక ఆవిడకు లేదు) చెప్పి, ఒకరి దగ్గర తాటి దుంగ, ఒకరి దగ్గర వెదుళ్ళు, ఇంకొకరి దగ్గర తాటాకులు, కొబ్బరితాడు అడిగి తెచ్చింది. పడవవాళ్ళు బేరం మానుకుని మరీ వాటిని మోసిపెట్టారు. అన్నీ రేవులో పోగుపడ్డాక నా గడ్డం పట్టుకుని ఒక మాటంది. "ఏమే, కట్టేసి కాలేజీకి పోయేది నువ్వు. ఈళ్ళందరి మధ్యా ఉండాల్సింది నేను. ఇరవయ్యేళ్ళ పరువు తీసుకొచ్చి నీ చేతిలో పెట్టేను, జాగర్తమ్మా."

పరువు నా చేతిలో కాదు, నా డ్రాయింగులో భద్రంగా ఉందని చెప్పాను. ఆ డ్రాయింగు పేరు 'ముఖాముఖి'. గుండ్రటి పాక, మధ్యలో ఒక నిట్రాడు, పైన గొడుగులా తాటాకు కప్పు, చుట్టూ అంచు వెంబడి ఎనిమిది వెదురు బల్లలు, అన్నీ లోపలికి తిరిగి. రేవులో జనం ఎవరి దారిన వాళ్ళు నదిని చూస్తూ నిలబడుతున్నారనీ, మాటామంతీ లేదనీ, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే సంఘజీవనం పెంపొందుతుందనీ డ్రాయింగు పక్కన ఒక పేరా కూడా రాశాను. దాన్ని తాటాకు పాకలు కట్టే మేస్త్రి చేతిలో పెట్టాను. ఆయనకు లంకలో 'అలాగేనండి మేస్త్రి' అని పేరు. ఎవరేం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అనడమే తప్ప ఎదురాడి ఎరగడు. ఆయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"చుట్టిల్లేనాండి?" అన్నాడు.

కాదనీ, ఇది వృత్తాకారపు సామాజిక నిర్మాణమనీ, చాలా కొత్త పద్ధతనీ వివరించాను.

"ఆయ్. మా తాతగారి కాణ్ణించీ ఇదే కడతన్నావండి" అన్నాడు, ఏమాత్రం వెటకారం లేకుండా. కాగితం తిరగబడిందని చెబితే, "గుండ్రం కదండీ, ఎటు తిప్పినా ఒకటే" అన్నాడు. బల్లలన్నీ లోపలికి తిప్పాలని చెప్పినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగాడు. గోదావరి వంక చూశాడు, నా వంక చూశాడు. "లోపలికేనాండి?" "లోపలికే." "ఆయ్, అలాగేనండి." ఆ ఒక్క క్షణం ఆగడంలో ఏముందో ఆలోచించేంత తీరిక నాకు లేకపోయింది. ఒక్క మేకు కూడా వాడకుండా, అన్నీ తాటి దుంగలకి కొబ్బరితాడుతో కట్టించే హడావుడిలో ఉన్నాను.

మూడు పక్కలా గోదావరి ఉన్న రేవు కొసన, పది రోజుల్లో పాక లేచింది. నిజంగానే బాగుంది. రేవులో దిగినవాళ్ళల్లా చుట్టూ తిరిగి చూసి "చాలా బాగుందండి" అన్నారు. "పంతులమ్మగారి మేనకోడలు గొప్పగా కట్టించేరండి" అన్నారు. అని, వెళ్ళి పాక బయట ఎండలో నిలబడ్డారు. మొదటి రోజు మొహమాటమనుకున్నాను. రెండో రోజు, మూడో రోజు కూడా అంతే. "కూర్చోండి" అంటే "ఆయ్, కూర్చుంటావండి, ఎందుక్కూర్చోం!" అని చిరునవ్వు నవ్వి అక్కడే నిలబడేవారు. ఎందుకో చెప్పమంటే ఎవరూ చెప్పరు. మా కోనసీమ మర్యాదతో వచ్చిన చిక్కే అది. మీ మొహం మీద బాగుందంటారు, మీ వెనకాల కూడా బాగుందనే అంటారు, కానీ దగ్గరికి రారు. వారం రోజుల్లో నా పాకని వాడుకున్నవి మేకలు మాత్రమే. ఎనిమిది బల్లలెక్కి, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ, శ్రద్ధగా నెమరు వేసేవి. నా సిద్ధాంతాన్ని అర్థం చేసుకున్న ప్రాణులు అవే. నాకు నవ్వు రాలేదు. అత్తయ్య ఇంట్లో అన్నం సహించేది కాదు. దుంగలిచ్చినవాళ్ళు దారిలో కనిపించి "బాగుందండి" అన్నప్పుడల్లా అత్తయ్య తల కొంచెం దించుకునేది, నాకు ఏడవాలనిపించేది.

సర్ వచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే అత్తయ్య పంతులమ్మ అవతారం ఎత్తింది. బడిలో పిల్లలను కూర్చోబెట్టిన చేతులకు పెద్దవాళ్ళొక లెక్కా? రేవుకొచ్చిన వాళ్ళను వచ్చినట్టే రెక్క పట్టుకుని, "మీరిక్కడండి, నువ్వక్కడే, ఏవండీ మీరు జరగండి" అంటూ పన్నెండు మందిని బల్లల మీద సర్దేసింది. సర్ పడవ సగం దూరంలో ఉండగా పాక నిండింది. నేను లోపలికి తొంగి చూశాను. కొత్తగా పెళ్ళైన అల్లుడు ఒక బల్ల మీద, సరిగ్గా ఎదురుగా ఆయన అత్తగారు, ముక్కు దాకా కొంగు లాక్కుని. అరటితోట పెద్దాయన ఒకవైపు, ఆయన కోడలు ఎదురుగా మూడొంతులు గోడవైపు తిరిగి (గోడ లేదు, తిరిగింది అంతే). చుట్ట కాల్చే అలవాటున్న ఒకాయన, ఎదురుగా సొంత అన్నగారు ఉండడంతో, ఆర్పిన చుట్టను పిడికిట్లో దాచుకుని చెమటలు కక్కుతున్నాడు. మిగిలినవాళ్ళు ఎవరి కాలి బొటనవేళ్ళను వాళ్ళు పరీక్షించుకుంటున్నారు.

సర్ ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని ఒడ్డుకు దిగారు. పాక వైపు చూసి ఆగిపోయారు. తల మీద టోపీ తీసి, నా చెవి దగ్గరగా వంగి అడిగారు. "ఎవరైనా పోయారామ్మా?"

"లేదు సర్. ముఖాముఖి సర్" అన్నాను.

సర్ బల్ల మీది మేకపెంటికలు చూశారు, నన్ను చూశారు. చివరి బల్ల మీద తోటకూర కట్టల గంపతో కూర్చున్న ముసలావిడ ముందు గొంతుక్కూర్చుని, "నిజం చెప్పు మామ్మా, ఎలా ఉంది?" అన్నారు. లంకంతా ఆవిడను తోటకూర మామ్మ అనేది. ఆవిడ మొదట "చాలా బాగుందండి" అంది. తర్వాత అత్తయ్య వైపు భయంగా చూసి, ఇక ఉండబట్టలేక అనేసింది. "బాగుందండి గానండీ, పడవొచ్చే దారి చూసుకుంటా కూర్చుంటాం గానీ, ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటా కూర్చోడానికి ఇదేవన్నా పెళ్ళిచూపులేంటండీ?"

అంతే, పాకంతా గొల్లుమంది. గట్టు తెగినట్టు మాటలు బయటపడ్డాయి. లంకలో అందరికీ అందరూ ఏదో ఒక వరుస. మామగారి ఎదట కోడలు కూర్చోదు, అల్లుడికి అత్తగారు ఎదటపడదు, అన్నగారి ఎదట తమ్ముడు చుట్ట తీయడు. నిలబడితే ఎవరెటైనా తిరగొచ్చు. నా పాకలో కూర్చుంటే తిరగడానికి చోటేదీ? నాకు తల కొట్టేసినట్టయింది. సంఘజీవనం గురించి పేరా రాసినదాన్ని, సంఘంలో ఎవరికెవరు ఏమవుతారో ఒక్కరినీ అడగలేదు.

మేస్త్రి వైపు తిరిగాను. "మీకు ముందే తెలుసా?"

"ఆయ్, తెలుసండి."

"మరి చెప్పలేదేం?"

"తవరు అడగలేదు కదండీ. చదూకున్నోరు, ఏదో లెక్క ఉంటాదనుకున్నాను." ఆగి, తల గోక్కుని, మెల్లగా అన్నాడు. "అయినా ఎందుకైనా మంచిదని బల్లల కాడ జారుముళ్ళే వేసేనండి. లాగితే వచ్చేత్తాయి."

సర్ నవ్వడం నేను చూసింది ఆ రోజే. "సాయంత్రం పడవ దాకా ఇక్కడే ఉంటాను. ఈలోగా ఏం చేసుకుంటారో మీ ఇష్టం" అని అత్తయ్య ఇంటికి భోజనానికి వెళ్ళిపోయారు. (బొమ్మిడాయల పులుసు పెట్టింది. నా పాసుకి అది కూడా కొంత కారణమేమో నాకు ఇప్పటికీ అనుమానమే.) మేస్త్రి తాడు కొస పట్టుకుని లాగాడు, బల్ల విడిపోయింది. కూర్చోవడానికి సిగ్గుపడ్డవాళ్ళు పని అనేసరికి పంచెలు ఎగ్గట్టారు. బల్లల్ని నిట్రాడు చుట్టూ చేర్చి, వెనక్కి తిప్పి, అందరూ గోదావరి వైపు చూసేలా కట్టాం. అలా తిప్పితే ఆరే పట్టాయి. మిగిలిన రెండు బల్లల్నీ నేను ఏం చెయ్యాలా అని చూస్తూండగానే తోటకూర మామ్మ ఒకదాని మీద తన గంప దించేసింది. ఆ గంపల బల్ల నా డ్రాయింగులో లేదు. పాకలో అన్నిటికన్నా ఎక్కువ వాడింది దాన్నే.

సాయంత్రం వాన మొదలైంది. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. రేవులో ఉన్నవాళ్ళంతా పరిగెత్తుకొచ్చి పాకలో కూర్చున్నారు, వీపులు వీపులకి ఆనించి, మొహాలు నీళ్ళ వైపు పెట్టి. మొదట చుట్ట వాసన వచ్చింది, అన్నగారికి అవతలి వైపునుంచి. తర్వాత, తల తిప్పకుండానే, అరటితోట పెద్దాయన కోడలు గోదావరితో చెబుతున్నట్టుగా అంది. "మావయ్యగారూ, మజ్జాన్నం మాత్ర ఏసుకున్నారా?" ఆయనా గోదావరితోనే చెప్పాడు. "మర్చిపోయేనమ్మా. నీ సంచిలో ఉందా?" సంచి వీపుల మధ్య నుంచి అటు వెళ్ళింది. ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి చూస్తున్నానని అత్తయ్య నా చెవిలో చెప్పింది. ఆవిడ తల ఎత్తే ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, వానే కదా అని తుడుచుకోలేదు.

సర్ నా డ్రాయింగు మీద పాస్ అని రాసి, కింద గీత గీసి, "ఇక్కడ మేస్త్రిగారి సంతకం కూడా ఉండాలి" అన్నారు. మేస్త్రి కాగితాన్ని తలకిందులుగానే పట్టుకుని సంతకం చేశాడు. అందుకే ఇప్పటికీ నా దగ్గరున్న ఆ డ్రాయింగులో మా ఇద్దరి పేర్లూ ఒకదానికొకటి ఎదురెదురుగా ఉంటాయి.

చాలా ఏళ్ళకు, అత్తయ్య రిటైరైనప్పుడు లంకకు వెళ్ళాను. నేను కట్టించిన పాక ఆ ఏడాది వరదకే పోయిందని తెలుసు. కానీ రేవులో పాక ఉంది. వరద తీసిన ప్రతిసారీ ఎవరి దుంగ వాళ్ళు, ఎవరి ఆకు వాళ్ళు తెచ్చుకుని మళ్ళీ కట్టుకున్నారట. ఆరు బల్లలు బయటికి తిరిగి, గంపలకి రెండు వేరుగా. పడవ కోసం కూర్చుని, నా వీపు వెనక ఉన్నావిడను ఊరికే అడిగాను, ఇది ఎవరు కట్టారండీ అని.

"ఎప్పట్నించో ఉందండి. మొదట్లో ఎవరో పిచ్చిపిల్ల బల్లలన్నీ లోపలికి తిప్పి కట్టేసిందంటండీ. తర్వాత మావోళ్ళే సరిచేసుకున్నారు."

ఆ పిచ్చిపిల్లను నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా గోదావరి మీద పడవ మెల్లగా వస్తోంది. ఆవిడ మొహం నాకు కనిపించదు, నా మొహం ఆవిడకు కనిపించదు. నవ్వు దాచుకోవలసిన అవసరం కూడా లేదు.

"ఆయ్, బాగా సరిచేసుకున్నారండి" అన్నాను.