చెవి గాటు, వంకర గీత

2005 వేసవిలో సూర్యాపేట దగ్గరి ఒక పీజీ కేంద్రంలో నాకు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా పోస్టింగ్ వచ్చింది. హోదా పేరు పెద్దది, పని మాత్రం సర్వర్‌కు కాపలా. విశ్వవిద్యాలయం సర్వర్‌లో అధ్యాపకులు సొంత వెబ్ పేజీలు పెట్టుకోవచ్చని ఆ ఏడాదే అనుమతి ఇచ్చారు. నియమాలు రాసింది నేనే. వ్యాపార ప్రకటనలు కూడదు, విశ్వవిద్యాలయం చిహ్నం వాడకూడదు, చిరునామాలో పేరుకు ముందు టిల్డా అనే వంకర గీత ఉండాలి. గీత ఉంటే వ్యక్తి పేజీ, లేకుంటే సంస్థ పేజీ. ఆ ఏర్పాటు చూసుకుని తెగ మురిసిపోయాను.

మొదటి పేజీ జువాలజీ లెక్చరర్ సైదులుది. పాలకీడు వైపు గొర్రెల కాపరుల ఇంట పుట్టినవాడు. గొర్రెలను ఉన్నపళంగా చంపేసే చిటుకు రోగానికి వానలకు ముందే టీకా ఎందుకు వేయించాలో తెలుగులో రాశాడు. అప్పట్లో తెలుగు అక్షరాలు అన్ని కంప్యూటర్లలో కనిపించేవి కావు. అందుకే డీటీపీ చేయించి బొమ్మగా పెట్టాడు. కోదాడ నెట్ సెంటర్ నుంచి అతని తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, ఓపెనైంది, మన తెలుగే కనబడ్తున్నది" అన్నప్పుడు ఇద్దరం కుర్చీల్లోంచి లేచి నిలబడ్డాం. పరీక్ష పాసైనప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. తిరుమలగిరిలో ఎవరో ఆ పేజీ ప్రింటు తీసి పశువుల దవాఖానకు పట్టుకుపోయారు. ఇది యూనివర్సిటీ ఆర్డర్, టీకా వెయ్యాల్సిందేనని డాక్టర్‌ను నిలదీశారు. టీకా ఇంకా రానేలేదు. డాక్టర్ ఆ ప్రింటు పంపించి, మా డైరెక్టర్‌కు ఫోన్ చేశారు. సాయంత్రంలోగా పేజీ తీసేయమని నాకు ఉత్తర్వు వచ్చింది. అవతల వానలు దగ్గర పడుతున్నాయి. ఆ పేజీ పనికొచ్చేదే ఆ కొద్ది రోజులు.

సైదులును వెంటబెట్టుకుని డైరెక్టర్ గదికి వెళ్లాను. ప్రింటు అడుగున పడిన చిరునామా చూపించి, వంకర గీత ఉంది కాబట్టి నియమం తప్పలేదని వాదించాను. డైరెక్టర్‌ది కోదాడ. నెమ్మదిగా, "ఆ గీత అర్థం మీకూ నాకూ తప్ప ఇంకెవరికి తెలుసండీ?" అన్నారు.

సైదులు అందుకున్నాడు. "మా గొర్లకు చెవికి గాటు పెడ్తం సార్. మందలు కలిసినా ఎవరియి వాళ్లకు దొర్కుతయి. ఏ గాటు ఎవరిదో ఊరందరికి ఎరుకే. పెట్టినోనికొక్కనికే తెలిస్తే అది గాటు కాదు సార్, పుండు."

డైరెక్టర్ నవ్వారు. అక్కడికక్కడే నియమం మార్చాం. పేజీ ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో ఇలా ఉండాలి: 'ఇది నా సొంత మాట. యూనివర్సిటీ ఆదేశం కాదు.' పేజీ నిలిచింది. పట్టరాని హుషారుతో ఆ రెండు వాక్యాలూ నేనే ఎక్కించాను.

టీకాలు వచ్చాక మిర్యాలగూడ వైపు నుంచి ఒక కాపరి ఆ పేజీ చూశానని మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. పైన రాసింది చదివారా, అది ఆర్డర్ కాదని తెలిసిందా అని ఆత్రంగా అడిగాను.

"మా పిల్లగానితోని సదివిచ్చుకున్న సారూ. ఆర్డరయితే ఎవ్వరు పట్టిచ్చుకుంటరు? సొంత మాట అన్నడు గదా, గందుకే మందనంత తోలుకపోయి టీకా ఏపిచ్చిన."

నియమం రాసేవాడు దాన్ని పాటించేవాళ్లతో పాటు చదివేవాళ్లనూ తలుచుకుని రాయాలని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. చదివినవాళ్లు దాన్నెలా తీసుకుంటారన్నది మాత్రం ఏ నియమం చేతిలోనూ లేదు.