అత్తగారి పూసల వరస

వీధిలో అందరికీ ఆమె పూసలక్క. ఎక్కడెక్కడి తెగిన దండలూ, చెక్కిన రాళ్లూ, పాతకాలం పూసలూ కిటికీ పక్కనున్న ఆమె బల్ల మీదికే చేరతాయి. పెద్దపూసలు నడుమకి, చిన్నవి చివరలకి, పూసకీ పూసకీ మధ్య ఒక ముడి. ఆమె గుచ్చిన దండకి వంక పెట్టినవాళ్లు లేరు.

వంకలన్నీ ఉన్న దండ ఆమె ఇంట్లోనే ఉండేది, అత్తగారి మెడలో. తన పెళ్లికి ముందెప్పుడో ఆవిడే గుచ్చుకుంది. లావుపూస పక్కన సన్నపూస, గాజు పక్కన ఎముక, నడుమ పిట్టను చెక్కిన పచ్చరాయి, అదీ బోర్లా. చూసినప్పుడల్లా కోడలి చేతులు దురదపెట్టేవి. "ముట్టుకున్నావంటే ఊరుకోను" అనేది అత్త, నవ్వుతూనే.

తర్వాత్తర్వాత ఆవిడకి కోడలు ఎవరో తెలియకుండా పోయింది, కొడుకు ముఖం కూడా మరిచిపోయింది. దండ ఒక్కటే మిగిలింది. భయమేసినప్పుడల్లా పిట్ట దగ్గర మొదలుపెట్టి పూసపూసా తడుముకుంటూ పోయేది. చుట్టు పూర్తయ్యేసరికి నెమ్మదించేది.

ఒకరోజు స్నానం చేయిస్తుంటే దారం తెగింది. కోడలు ఒక్క పూస పోకుండా ఏరి, సబ్బునీళ్లలో కడిగింది. ఇన్నాళ్లకి చేతికి చిక్కింది కదా అని సైజువారీగా పేర్చి, పిట్టను పైకి తిప్పి, ముచ్చటగా గుచ్చి మెడలో వేసింది.

అత్త వేళ్లు పిట్ట నుంచి బయల్దేరి పక్కపూస దగ్గరే ఆగిపోయాయి. మళ్లీ మొదలుపెట్టాయి, మళ్లీ ఆగాయి. "ఇది నాది కాదమ్మా. నా దండ ఏదీ?"

"మెడలోనే ఉందిగా అమ్మా! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వరస" అని కొడుకు నవ్వాడు. పూసలక్క మాత్రం దాన్ని మెల్లగా మెడలోంచి తీసింది.

దండ విప్పేసి పాత వరస కోసం తడుముకుంది. ఇన్నేళ్లూ వంకలే చూసింది గానీ వరస చూడలేదు. ఫోటోల్లో దండ ఎప్పుడూ బట్టల కిందే. గుచ్చింది, విప్పింది, మళ్లీ గుచ్చింది. ప్రతిసారీ ఆ వేళ్లు ఎక్కడో ఒకచోట ఆగిపోయేవి. చివరికి పూసల పళ్లెం ఆవిడ ఒళ్లో పెట్టి, "మీరే గుచ్చుకోండి అత్తయ్యా" అని బతిమాలింది.

"నాకివన్నీ రావమ్మా" అంటూ ఆవిడ బిడియంగా పళ్లెం పక్కకి జరిపింది. కోడలికి ఏడుపు ఆగలేదు. తనకి తోచిన వరసలోనే గుచ్చి మళ్లీ ఆవిడ మెడలో వేసింది.

ఇప్పుడు పొద్దున లేస్తూనే అత్త ఆమె చెయ్యి పట్టుకుంటుంది. "నా దండ పోయింది. కాస్త వెతికిపెడతావా తల్లీ?"

మొదట్లో పూసలక్క "మెడలోనే ఉంది అత్తయ్యా" అనేది. ఇప్పుడు అనడం లేదు. మంచం కిందికి వంగి, ఆవిడతోపాటు తనూ వెతుకుతుంది.