మడమ ఎముకలో మేకు

డెబ్బైల మొదట్లో ఒకసారి, సూర్యాపేట నుంచి వాడపల్లి వెళ్లే బస్సెక్కి దారి పొడుగునా కోతలు కోస్తున్నాను. మా రాజమండ్రిలో మేనమామను మింగిన మొసలి, రుచించక మళ్లీ ఒడ్డున దింపి వెళ్లిందంటే కండక్టర్ నమ్మాడు. ఇంతలో ఒకామె ఒళ్లో పెట్టుకున్న మట్టికుండ దగ్గర పేచీ వచ్చింది. అందులో ఆమె తమ్ముడి ఎముకలున్నాయి. వాడపల్లి దగ్గర కృష్ణలో కలపడానికి తీసుకెళ్తోంది.

"జైల్ల సచ్చిన దొంగ బొక్కలు మా పక్కనెందుకు? టాప్ మీద ఎయ్యి" అన్నాడు వాళ్ల ఊరి పెద్దాయన.

"నా తమ్ముడు మూట గాదు పెద్దయ్యా" అందామె. కండక్టర్ కుండకోసం చెయ్యి చాచాడు.

అప్పుడు నేను పేపర్లో చదివింది చెప్పాను. జెరూసలేం దగ్గర తవ్వితే ఒక రాతిపెట్టె దొరికింది. అందులో రెండువేల ఏళ్ల కిందట సిలువ వేసిన మనిషి మడమ ఎముక ఉంది. పక్కనుంచి దిగిన ఇనుప మేకు, మొన వంగి, ఇంకా దానిలోనే ఉంది. అతని నేరమేమిటో తెలియదు. అతనివాళ్లు మాత్రం మేకు ఊడకపోయినా ఎముకలన్నీ ఏరి దాచుకున్నారు.

"మొసలి ముచ్చట నమ్మిన గని, గిది ఎట్ల నమ్మాలె సార్?" అన్నాడు కండక్టర్.

"ఆయనకు అక్క ఉండే ఉంటది" అందామె.

ఆ మాట ముందు నా కోతలన్నీ దిగదుడుపే. కండక్టర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆపైన ఊరొచ్చినప్పుడల్లా ఆమె కుండ మీదికి వంగి ఆ ఊరి పేరు చెప్పింది. చెప్పకపోతే పోయినవాళ్లు దారి తప్పుతారట. మిర్యాలగూడ చెప్పింది, దామరచర్ల చెప్పింది. వాడపల్లి రాగానే మాత్రం కుండను రెండు చేతులా హత్తుకుని కూర్చుండిపోయింది.

కండక్టరే కుండ వైపు వంగాడు. "తమ్మీ, వాడపల్లి వచ్చింది. దిగు."